ముప్పై మూడు పూసల నడక

విజయనగరం రైల్వే స్టేషనులోని వంతెన మెట్లు నాకు పెళ్ళయిన నాటి నుండీ పరిచితమైనవే. నా పుట్టిల్లు శ్రీకాకుళం. సెలవులకు పుట్టింటికి బయలుదేరినప్పుడల్లా పాపను చంకన వేసుకొని, రెండవ చేతిలో సంచి పట్టుకొని ఆ మెట్లు ఎక్కేదాన్ని. అవి కష్టమైన మెట్లని ఏనాడూ అనిపించలేదు. నాలుగేళ్ళ క్రితం ఒక ఉదయం అదే వంతెన మీద, ఏడవ మెట్టు దగ్గర, నా కాళ్ళు నిలిచిపోయాయి. ఊపిరి లోపలికి వెళ్తోంది కానీ చాలడం లేదు. గుండె చెవులలో కొట్టుకుంటోంది. వెనుక వస్తున్నవారు పక్కకు తప్పుకొని వెళ్ళిపోతున్నారు. అప్పటికి ఎనిమిదేళ్ళ మా అమ్మాయి పైమెట్టు మీద నిలబడి, "అమ్మీ, రా! బండి వచ్చేస్తోంది" అని పిలుస్తోంది. ఆ రోజు బండి వెళ్ళిపోయింది. మేము ఇంటికి తిరిగి వచ్చేశాము.

నేను ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిని. రోజుకు అయిదారు గంటలు నిలబడి పాఠం చెప్పడం నా వృత్తి. ఆ సంవత్సరం నాకు తెలియకుండానే కుర్చీలో కూర్చొని పాఠం చెప్పడం అలవాటు చేసుకున్నాను. మేడమీది తరగతికి వెళ్ళవలసి వస్తే మధ్యలో ఆగి, చేతిలోని పుస్తకాలు సర్దుకుంటున్నట్లు నటించేదాన్ని. పక్కింటి అవ్వ నన్ను చూసి, "ఏటమ్మా, ఆయాసం! ఒంట్లో రగతం లేకే అలాగయిపోతన్నావు" అన్నది. మొదట చూసిన వైద్యుడు కూడా అదే అన్నారు. ఇనుము మాత్రలు ఇచ్చారు. తరువాతి వైద్యుడు ఉబ్బసమని పీల్చే మందు రాశారు. బంధువులలో ఒకరు నజర్ తగిలిందన్నారు, మరొకరు మనసులోని దిగులన్నారు. ఇలా ఏడాదిన్నర గడిచింది. వారెవరినీ నేను నిందించను. ఈ జబ్బు అరుదైనది. దాని లక్షణాలన్నీ సాధారణ వ్యాధుల వేషంలోనే వస్తాయి. నేను నిందించవలసింది ఒక్క విషయాన్నే. నెలల తరబడి మెట్లెక్కలేకపోవడాన్ని "ఆడవాళ్ళ నీరసం" అని ఇంటిల్లిపాదీ, అందరికంటే ముందు నేను, ఒప్పేసుకోవడం.

కాళ్ళ వాపు కనిపించిన తరువాత ఒక హృద్రోగ వైద్యుడు ఎకో పరీక్ష చేయించారు. తెర మీద గుండె కుడి భాగం ఉండవలసిన దానికన్నా పెద్దదిగా ఉన్నదని చూపించారు. విశాఖపట్నంలో కుడి గుండెలోనికి క్యాథెటర్ అనే సన్నని గొట్టాన్ని పంపి లోపలి పీడనాన్ని కొలిచారు. వ్యాధి పేరు అప్పుడు తెలిసింది: ఊపిరితిత్తుల ధమనుల అధిక రక్తపోటు.

చేతికి పట్టీ చుట్టి కొలిచే బీపీకి దీనికి సంబంధం లేదు. ఈ విషయం మా ఇంట్లో అందరికీ అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. కనుక కాస్త వివరిస్తాను. గుండె ఎడమ భాగం శరీరమంతటికీ రక్తాన్ని పంపుతుంది. కుడి భాగం ఊపిరితిత్తులకు మాత్రమే పంపుతుంది. దగ్గరి ప్రయాణం కనుక దానికి పెద్ద బలం అవసరం లేదు. అల్లాహ్ దాని గోడలను పలుచగానే సృష్టించాడు. ఆరోగ్యవంతులలో ఊపిరితిత్తుల ధమనులలోని సగటు పీడనం విశ్రాంతిగా ఉన్నప్పుడు సుమారు 14 మిల్లీమీటర్లు. 20 దాటితే అది అసాధారణం. నాలో అది 48 ఉన్నది. ఊపిరితిత్తులలోని సన్నని ధమనుల గోడలు దళసరి అయి, దారి ఇరుకైపోతే, పలుచని గోడల కుడి జఠరిక ఆ ఇరుకులోంచి రక్తాన్ని నెట్టలేక క్రమంగా ఉబ్బుతుంది, అలసిపోతుంది. కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు శరీరం ఎక్కువ రక్తం కోరుతుంది, గుండె అందించలేకపోతుంది. అదే ఆ ఏడవ మెట్టు.

పుట్టుకతో వచ్చే గుండె రంధ్రాల వలన, కొన్ని కీళ్ళ సంబంధ వ్యాధుల వలన, ఇంకా ఇతర కారణాల వలన ఇది రావచ్చు. నాకు ఏ కారణమూ కనిపించలేదు. ఈ రకం పురుషులలో కంటే స్త్రీలలోనే ఎక్కువ. మరొక మాట కూడా వైద్యుడు మావారిని, నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఈ వ్యాధిలో గర్భధారణ తల్లి ప్రాణానికే ముప్పు. నేను వాడవలసిన మందులలో ఒకటి గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. కనుక ఇక సంతానం వద్దు. మాకు ఒక్కతే కూతురు. మావారు రైలులో తిరిగి వస్తూ విజయనగరం చేరేవరకు కిటికీలోంచి బయటికే చూశారు. దిగేముందు మాత్రం, "ఇచ్చినదానికి షుక్ర్ చేద్దాం" అన్నారు. ఆ విషయం మా మధ్య మళ్ళీ రాలేదు.

మందులు మొదలయ్యాయి. అందులో ఒకటి సిల్డెనాఫిల్. లోకం దాన్ని వేరొక అవసరానికి వాడే మాత్రగా ఎరుగును. అది ఊపిరితిత్తుల రక్తనాళాలను కూడా సడలిస్తుందని గుర్తించిన తరువాత 2005లో అమెరికాలో ఈ వ్యాధికి మందుగా అనుమతి లభించింది. మందుల దుకాణంలో చీటీ ఇస్తే, అక్కడి కుర్రవాడు నా బుర్ఖా వైపు, చీటీ వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు. నేను ఇంటికి వచ్చి ఏడ్చాను. మరునాడు మావారు వెళ్ళి ఆ దుకాణదారుతో మర్యాదగా మాట్లాడి వచ్చారు. ఇప్పుడు ఆ దుకాణంలో నా మందు ముందే తెప్పించి పెడుతున్నారు. ఈ మందు వాడేవారు ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడకూడదు. రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఆ రోజులలో ఒక రాత్రి నేను ఫోనులో ఈ వ్యాధి గురించి చదివాను. వ్యాధి నిర్ధారణ అయినవారిలో సగం మంది మూడేళ్ళలోపే మరణిస్తారని అక్కడ ఉంది. తెల్లవారేదాకా అమ్మాయి జుట్టు నిమురుతూ కూర్చున్నాను. తరువాత వైద్యుడు చెప్పారు: అది 1980లలో అమెరికాలో నమోదైన రోగుల లెక్క, అప్పటికి ఈ వ్యాధికి ప్రత్యేకమైన మందు ఒక్కటీ లేదు. మొదటి మందుకు 1995లో గాని అనుమతి రాలేదు. ఈనాటి రోగిని ఆనాటి లెక్కతో కొలవకూడదన్నారు. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉందని నమ్మే నేను, ఒక పాత అంకెకు అంతగా లొంగిపోయినందుకు సిగ్గుపడ్డాను.

ఇక మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆమెను నేను అమ్మీ అనే పిలుస్తాను. జబ్బు పేరు విన్ననాటి నుండి ఆమె నన్ను మంచం దిగనివ్వలేదు. వంట ఆమెదే, బట్టలు ఆమెవే, నేను నీళ్ళు తాగాలన్నా గ్లాసు మంచం దగ్గరికే వచ్చేది. "నీ గుండె అలసిపోయింది బేటీ. అలసిన ఎద్దును కాడి కిందికి ఎవరైనా తోలుతారా? పడుకో" అనేది. నా తోడికోడలు, ఆడపడుచులు, చివరకు పాప కూడా నన్ను అలాగే చూసుకున్నారు. ఇటువంటి అత్త దొరికినందుకు ఎందరో నన్ను అదృష్టవంతురాలినన్నారు. నిజమే. కాని ఆరు నెలలు గడిచేసరికి మంచం నుండి స్నానాల గది దాకా నడిస్తేనే నాకు కాళ్ళు వణకసాగాయి. మందులు పనిచేస్తున్నాయని పరీక్షలు చెబుతున్నాయి. నేను మాత్రం బలహీనపడుతున్నాను. రాజీనామా పత్రం రాసి పెట్టెలో పెట్టుకున్నాను. తేదీ ఒక్కటే వేయలేదు.

ఒకప్పుడు వైద్యులు కూడా మా అత్తగారి మాటే చెప్పేవారట. ఈ వ్యాధిగ్రస్తులకు వ్యాయామం ప్రమాదమనీ, విశ్రాంతే మంచిదనీ భావించేవారు. ఆ అభిప్రాయాన్ని కదిలించినది జర్మనీలోని హైడెల్‌బెర్గ్ వైద్యబృందం. 2006లో వారు ప్రచురించిన అధ్యయనంలో 30 మంది రోగులు ఉన్నారు. సగం మందికి మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచి, ఆపై పన్నెండు వారాలు ఇంటి వద్ద, అతి జాగ్రత్తగా కొలిచిన వ్యాయామం చేయించారు. మిగిలిన సగానికి మామూలు చికిత్స మాత్రమే. పదిహేను వారాల తరువాత ఆరు నిమిషాలలో నడవగలిగిన దూరంలో ఈ రెండు బృందాలకూ మధ్య 111 మీటర్ల తేడా వచ్చింది. 2021లో పది యూరప్ దేశాలలో 116 మందితో చేసిన పరిశీలనలో ఆ తేడా సుమారు 34 మీటర్లే అయినా, మేలు నిజమేనని తేలింది. మందులు వాడుతున్న రోగులకు పర్యవేక్షణలో వ్యాయామ శిక్షణ ఇవ్వాలని 2022 నాటి యూరప్ హృద్రోగ, శ్వాసకోశ వైద్య సంఘాల మార్గదర్శకాలు స్పష్టంగా సిఫారసు చేశాయి.

ఇదంతా నేను ఇప్పుడు క్రమంగా చెబుతున్నాను. ఆనాడు నా చెవిన పడినది "వ్యాయామం మంచిదట" అన్న ఒక్క ముక్క మాత్రమే. 'మందులు వాడుతున్న', 'పర్యవేక్షణలో' అనే మాటలు నా చెవికి ఎక్కలేదు. పడుకొని పడుకొని విసిగిన ప్రాణం. వైద్యుణ్ణి అడగకుండానే ఫోనులో ఎవరో చేస్తున్న కసరత్తు చూసి, అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసే వేళ గదిలో చేయడం మొదలుపెట్టాను. నాలుగవ రోజున ఉత్సాహం ఎక్కువై, వంటింట్లోని ఇరవై లీటర్ల నీళ్ళ క్యానును రెండు చేతులా పట్టి, ఊపిరి బిగబట్టి స్టాండు మీదికి ఎత్తబోయాను. తరువాత నాకు తెలిసినది, నేను నేల మీద తడిలో ఉన్నాను. బడి నుండి అప్పుడే వచ్చిన మా అమ్మాయి నా తల ఒడిలో పెట్టుకొని, ఏడుపు కూడా రాక, నా పేరు పెట్టి పిలుస్తోంది. తల్లిని పేరు పెట్టి పిలవకూడదని ఎరిగిన పిల్ల. అమ్మీ అని ఎన్నిసార్లు పిలిచినా పలకలేదని అలా పిలిచానని తరువాత చెప్పింది. ఆ పిలుపు నేను మరచిపోలేదు.

మా ప్రాంతంలో కసరత్తు అనగానే మనసుకు వచ్చేది బరువులెత్తడమే. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు గారు ఛాతీ మీద ఏనుగును నిలుపుకున్న సంగతి ఇక్కడి పిల్లలందరూ వింటూనే పెరుగుతారు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. మా విజయనగరం పక్కనున్న కొండవెలగాడ ఊరే వెయిట్‌లిఫ్టర్లకు పేరు. అటువంటి గడ్డ మీద పుట్టినదానికి, ఊపిరి బిగించి ఎత్తడమే బలానికి గుర్తు అనిపించడం సహజం. కాని నా గుండెకు సరిగ్గా అదే నిషిద్ధం. ఊపిరి బిగబట్టి ముక్కినప్పుడు ఛాతీలోని ఒత్తిడి పెరిగి, గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గిపోతుంది. ఆరోగ్యవంతుల గుండె ఆ క్షణాన్ని దాటుకుంటుంది. ఇరుకు దారిలో నెట్టుకొస్తున్న నా కుడి గుండె దాటలేకపోయింది, మెదడుకు రక్తం అందలేదు, పడిపోయాను.

వైద్యుడు కోపగించుకోలేదు. "మంచంలో పడుకోవడం ఒక పొరపాటు. ఇది రెండవ పొరపాటు. ఈ రెండింటికీ మధ్య దారి ఉంది. కాని దానికి కొలత ఉంది" అన్నారు. ముందు ఎకో మళ్ళీ చేశారు. మందుల మోతాదు మార్చారు. స్పృహ తప్పడం, ఛాతీనొప్పి ఏవీ లేకుండా మూడు నెలలు నిలకడగా గడిస్తేనే వ్యాయామం మాట ఎత్తుతానన్నారు. గడిచాయి.

మొదటి మెట్టు ఆరు నిమిషాల నడక పరీక్ష. 30 మీటర్ల సమతలమైన వరండా. రెండు చివరలా రెండు గుర్తులు. వాటి మధ్య ఆరు నిమిషాలు అటూ ఇటూ నడవాలి. పరుగు కాదు, పందెం కాదు; అలసిపోతే ఆగవచ్చు, గోడకు ఆనుకోవచ్చు, మళ్ళీ నడవవచ్చు. వేలికి ఆక్సిజన్ చూపే చిన్న పరికరం తగిలించారు. నేను అటూ ఇటూ నడుస్తుంటే హాజిరా అమ్మ మనసులో మెదిలింది. ఎండిన లోయలో, పసివాడి దాహం తీర్చడానికి, రెండు గుట్టల మధ్య ఒంటరిగా ఏడుసార్లు తిరిగిన తల్లి. నా నడకకు ఆ మహాతల్లి నడకతో పోలిక లేదు. అయినా, అడుగు వేయడం మానవుని పని, ఫలితం ఇచ్చేవాడు వేరే ఉన్నాడన్న ధైర్యం ఆ వరండాలో నాకు ఆమె దగ్గరనే దొరికింది. ఆ రోజు నేను నడిచినది 284 మీటర్లు.

విశాఖపట్నంలో ఆడపడుచు ఇంట ఉండి, మూడు వారాలు ఆసుపత్రిలోని వ్యాయామ గదికి వెళ్ళాను. శిక్షణ ఇచ్చిన ఫిజియోథెరపిస్టు నా శిష్యురాళ్ళ వయసు పిల్ల. నన్ను "టీచర్ గారూ" అనే పిలిచేది. కాని అక్కడ గురువు ఆమే. కదలని సైకిలు మీద అరనిమిషం తేలికగా, ఒక నిమిషం కొద్దిగా బరువుగా, మళ్ళీ అరనిమిషం తేలికగా తొక్కించేది. పది నిమిషాలతో మొదలు. తరువాత అరకిలో బరువులతో చేతులకు, ఒక్కొక్క కండరానికి విడివిడిగా కసరత్తు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం. పెదవులు సన్నగా చేసి దీపం ఆర్పకుండా కదిలించినట్లు మెల్లగా గాలి వదలడం. ఎత్తేటప్పుడు గాలి వదలాలి, ఎప్పుడూ బిగబట్టకూడదు. ఈ మాట ఆమె రోజుకు ఇరవైసార్లయినా చెప్పి ఉంటుంది. నాడి నిమిషానికి 120 దాటరాదు, ఆక్సిజన్ 90కి తగ్గరాదు అని నాకు వైద్యుడు హద్దు పెట్టారు. ఇవి నా అంకెలు. మరొకరి హద్దును వారి వైద్యుడే నిర్ణయించాలి.

"వ్యాయామం ఆ ఇరుకు దారిని వెడల్పు చేస్తుందా?" అని ఆ అమ్మాయిని అడిగాను. ఆమె నిజాయితీగా లేదన్నది. నెలల తరబడి కదలకపోవడం వలన తొడల కండరాలు, ఊపిరి పీల్చే కండరాలు కరిగిపోతాయి. కరిగిన కండరం అదే పనికి ఎక్కువ రక్తాన్ని కోరుతుంది; ఆ భారం తిరిగి గుండె మీదనే పడుతుంది. కండరానికి పని నేర్పితే అది అందిన కొద్దిపాటి ప్రాణవాయువును పొదుపుగా వాడుకుంటుంది. "మీ ఇంటి ఆదాయం పెరగలేదు టీచర్ గారూ, ఖర్చు పద్ధతి మారుతుంది" అన్నది. గృహిణికి ఇంతకన్నా బాగా చెప్పనక్కరలేదు.

ఇంటికి వచ్చాక అసలు పరీక్ష మొదలయింది. అత్తగారు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. "డాక్టరు చెప్పినా సరే. నా కళ్ళ ముందు నిన్ను మళ్ళీ నేల మీద చూడలేను" అన్నారు. నేను వాదించలేదు. వారం తరువాత వైద్యుని దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆమెను కూడా తీసుకువెళ్ళాను. ఆయన ఆమెకు కుర్చీ వేసి, "అమ్మా, ఈ ఆరు నెలలూ మీరు ఈమెను ప్రాణంలా చూసుకున్నారు. ఇక నుండి ఈమె నడుస్తుంటే చూసే మనిషి కావాలి. ఆ పని మీకంటే బాగా ఎవరు చేస్తారు?" అన్నారు. అత్తగారు తిరుగు ప్రయాణమంతా మాట్లాడలేదు. మరునాడు ఫజ్ర్ నమాజు కాగానే వసారాలో కుర్చీ వేసుకొని కూర్చున్నారు. చేతిలో ఆమె తస్బీహ్ ఉంది, ముప్పై మూడు పూసలది.

మా వసారా ఒక చివర నుండి మరో చివరకు ముప్పై మూడు అడుగులు. అంటే ఇంచుమించు పది మీటర్లు. నేను ఒక చివర చేరగానే ఆమె ఒక పూస జరుపుతారు. మొదటి రోజులలో పదకొండు పూసలకు ఆగి, కూర్చొని, అయిదు నిమిషాల తరువాత మళ్ళీ పదకొండు. వేలికి పరికరం తగిలించి అంకెలు చదవడం మా అమ్మాయి పని. అలసట కొలవడానికి నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. నడుస్తూ సూరా ఫాతిహాను మధ్యలో తెగకుండా మెల్లగా చదువుకోగలిగితే వేగం సరిపోయినట్లు; ఆయతు మధ్యలో ఊపిరి అందకపోతే తగ్గించాలన్నమాట. ఫిజియోథెరపిస్టుకు ఈ మాట చెబితే, నడుస్తూ మాట్లాడగలగాలని తాము చెప్పే నియమం కూడా ఇదేనన్నది. బరువులు కొనలేదు. అరలీటరు నీళ్ళ సీసా అరకిలో తూగుతుంది. రెండు సీసాలు చాలు.

మా కోస్తా ఉక్కపోతలో ఎండ ఎక్కాక నడవడం నాకు పనికిరాదు. మందులు అసలే రక్తపోటును కాస్త తగ్గిస్తాయి. వేడికి అది ఇంకా పడిపోయి తల తిరుగుతుంది. అందుకే తెల్లవారుజామున, ఏమీ బరువుగా తినకముందే నడక. తుఫాను గాలులు వీచే రోజుల్లో ఇంటి లోపలి నడవలోనే. రోజూ ఉదయం బరువు చూసుకుంటాను. రెండు మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో చేరిన నీరు. వెంటనే వైద్యునికి చెప్పాలి. ఉప్పు తగ్గించమన్నారు. శ్రీకాకుళం ఆడపిల్లను ఎండుచేపలు, ఆవకాయ మానమంటే ఎంత కష్టమో మీరు ఊహించగలరు! తల తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, గుండె దడదడలాడినా, పెదవులు నీలమైనా ఆ రోజుకు నడక ఆగిపోవాలి. పూసలు మిగిలిపోయినా సరే.

ఆరాధన విషయంలో కూడా నాకు ఒక పోరాటం జరిగింది. సజ్దా నుండి లేచినప్పుడల్లా కళ్ళు చీకట్లు కమ్మేవి. కుర్చీలో నమాజు చేయడానికి మనసు ఒప్పేది కాదు. మాత్రలు రోజుకు మూడుసార్లు సమయానికి వేసుకోవాలి కనుక రోజాలు ఉండరాదని వైద్యుడన్నారు. మొదటి రంజానులో సహ్రీ వేళ అందరూ లేచిన చప్పుడు వింటూ పక్క మీద ముఖం దాచుకున్నాను. అప్పుడు కూడా అత్తగారే వచ్చి కూర్చున్నారు. "నిలబడలేనివాడు కూర్చొని, కూర్చోలేనివాడు పడుకొని చేయమన్నది నేను పెట్టిన నియమమా? ఇచ్చినవాడి సడలింపును కాదనడం భక్తి కాదు బేటీ, మొండితనం" అన్నారు. ఆ నెలంతా ఆమె నా తరఫున రోజుకొక పేదకు అన్నం పెట్టించారు. ఇప్పుడు నేను కుర్చీలో చేస్తాను, మెల్లగా లేస్తాను. శరీరం అమానత్ అని పాఠంలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! అర్థమైనది మాత్రం ఆ రాత్రి.

పదిహేను వారాల తరువాత మళ్ళీ ఆ 30 మీటర్ల వరండా. ఈసారి ఆరు నిమిషాలలో 331 మీటర్లు. పెరిగినది 47 మీటర్లు. ప్రపంచంలో జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 2023లో వేసిన ఒక లెక్కలో సగటు పెరుగుదల కూడా ఇంచుమించు అంతేనని వైద్యుడు చెప్పారు. మా వసారాలో అయితే అయిదు పూసలకు కొంచెం తక్కువ. ఇంటికి వచ్చి అత్తగారికి అంకె చెప్పాను. ఆమె వేళ్ళ మీద లెక్క వేసి, "అంటే ఆరు నిమిషాలకు ఒక తస్బీహ్ పూర్తయిందన్నమాట" అన్నారు. ఆమె కళ్ళు చెమర్చాయి.

పాఠకులు అపోహ పడకూడదు. ఎకోలో పెద్ద మార్పు లేదు. నా వ్యాధి పోలేదు. గత చలికాలం జ్వరం, దగ్గు వచ్చి మూడు వారాలు మళ్ళీ మంచమే గతి అయింది. వైద్యుడు రెండవ మందు చేర్చవలసి వచ్చింది. తిరిగి వసారాలోకి వచ్చిన రోజున ఏడు పూసలకే ఆగిపోయాను. నేను ఏడవబోతే అత్తగారు, "మొదటిసారి పదకొండుతో మొదలుపెట్టావు. ఈసారి ఏడుతో. పూసలు ఎక్కడికీ పోలేదు" అని తస్బీహ్‌ను దిండు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. మళ్ళీ ముప్పై మూడు చేరడానికి రెండు నెలలు పట్టింది. ఈ మధ్యలో మరొక విశేషం జరిగింది. నేను కుర్చీలోంచి లేచి కూర్చొనే కసరత్తు చేస్తుంటే ఆమె కూడా నాతో పాటు లేచి కూర్చోవడం మొదలుపెట్టారు. మోకాళ్ళ నొప్పులు కొంత తగ్గాయంటారు. ఇప్పుడు ఒకరి పూసలు ఒకరం లెక్కపెడుతున్నాం.

గత జూన్ నుండి పూటబడికి వెళ్తున్నాను. ప్రధానోపాధ్యాయులు దయతో నా తరగతిని కింది అంతస్తుకు మార్చారు. సగం పాఠం కూర్చొని, సగం నిలబడి చెబుతాను. నల్లబల్ల నుండి చివరి బెంచీ దాకా నడిచి వెళ్ళి, అక్కడ అల్లరి చేసే పిల్లవాడి పుస్తకం తెరచి చూడగలుగుతున్నాను. ఆ 47 మీటర్లు నాకు తిరిగి ఇచ్చినది అదే. తేదీ వేయని రాజీనామా పత్రం ఇంకా పెట్టెలోనే ఉంది. చింపేయలేదు. ఏనాడైనా అవసరం పడవచ్చు. ఆ నిర్ణయం నా చేతిలో లేదు. ఈనాటికి మాత్రం అవసరం పడలేదు. అల్ హమ్దు లిల్లాహ్.

సోదరీమణులారా, మీ ఇంట్లో తల్లికి గాని, కోడలికి గాని, కూతురికి గాని మెట్లెక్కితే ఆయాసం వస్తోందని నెలల తరబడి వింటుంటే, దాన్ని నీరసమని సరిపెట్టకండి. రక్తం తక్కువని మందులు వాడినా తగ్గకపోతే, ఉబ్బసమని మందు పీల్చినా తగ్గకపోతే, స్పృహ తప్పినా, కాళ్ళు వాచినా గుండె వైద్యునికి చూపించి ఎకో చేయించండి. వ్యాధి ఇదేనని తేలితే, ఆమెను మంచానికి అప్పగించకండి. ఆమె చేతికి బరువూ అప్పగించకండి. వైద్యుణ్ణి అడిగి, కొలిచిన అడుగులు వేయించండి. ఆమె వెంట ఎవరైనా ఒకరు కూర్చొని లెక్కపెట్టండి.

రేపు ఉదయం, ఇన్షా అల్లాహ్, మా అమ్మాయిని తీసుకొని శ్రీకాకుళం వెళ్తున్నాను. బండికి గంట ముందే స్టేషనుకు చేరుకోవాలని అనుకున్నాం. ఆ వంతెన మెట్లు ఒకేసారి ఎక్కాలన్న పంతం నాకు లేదు. ఏడవ మెట్టు మీద ఆగుతాను. పెదవులు సన్నగా చేసి గాలి వదులుతాను. అమ్మాయి నా పక్కనే నిలబడతానన్నది. తరువాత ఎనిమిదవ మెట్టు ఎక్కుతాం.